ముల్లు ముందు, గీత తర్వాత

ఏ వస్తువుకైనా సరే, దాని నడిమి చుక్క ఎక్కడుందో తేలేదాకా బాలనర్సింహకు ముద్ద దిగదు. ఇది మాట వరసకు అన్నది కాదు, నిజంగానే దిగదు. జొన్నరొట్టె పళ్లెంలో పడగానే తల ఒక పక్కకు వంచి, ఒక కన్ను మూసి, చూపుడువేలితో రొట్టె నడుమ చిన్న గుంట నొక్కుతాడు. ఆ తర్వాతే తుంచుతాడు. కాపురానికి వచ్చిన మొదటిరోజు నీలమ్మ అది అత్తగారింటి ఆచారం అనుకుంది. ఏ ఇలవేల్పుకో మొక్కు కాబోలనుకుని, తన రొట్టె మీద కూడా ఒక గుంట నొక్కి కళ్లకద్దుకుంది.

కొత్త పెళ్లికొడుకు ఆ రొట్టెను కాసేపు చూశాడు. "జర పక్కకు వడ్డది," అన్నాడు నెమ్మదిగా. "సెంటర్ తప్పింది."

అతను ఆమెతో మాట్లాడిన మొదటి మాట అదే.

నిజానికి ఇతనికేదో పిచ్చి ఉందన్న అనుమానం ఆమెకు పెళ్లిపీటల మీదే రావాల్సింది. పీటలు పందిరికి నడుమ లేవని అక్కడ అతను లేచి నిలబడ్డాడు. జేబులోంచి దారపుండ తీశాడు. అయ్యగారు చెమట తుడుచుకుంటూ, "ముహూర్తం పోతది నాయనా," అన్నారు. "పోతే ఇంకోటి వస్తది అయ్యగారూ. పీట పక్కకు పడితే జన్మంత పక్కకే ఉంటం," అన్నాడు. పీటలు జానెడు జరిపాకే తాళి కట్టాడు. ఆ రోజు నుంచి అల్లుడు వస్తున్నాడంటే చాలు, నీలమ్మ తండ్రి మంచం మీద గబగబా జరిగి సరిగ్గా నడుమ కూర్చునేవాడు.

బాలనర్సింహ సర్కారు వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద టర్నర్. తిరిగే ఇనుప కడ్డీకి నడిమి చుక్క వెంట్రుకవాసి తప్పినా అది పూనకం వచ్చినట్టు ఊగుతుందనీ, ప్రపంచంలోని లొల్లంతా అట్లా చుక్క తప్పడం వల్లనే వచ్చిందనీ అతని నమ్మకం. అందుకే చొక్కా జేబులో ఎప్పుడూ మూడు వస్తువులుండేవి: సుద్దముక్క, దారపుండ, ఇనుము మీద చుక్క గుచ్చే, మొన తేలిన ఉక్కు సెంటర్ పంచ్. ఆ పంచ్ జేబుకు బెజ్జం చేసేది, నీలమ్మ కుట్టేది. మళ్లీ చేసేది, మళ్లీ కుట్టేది. ఇరవై రెండేళ్ల వాళ్ల కాపురాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే అంతే. గల్లీ అతనికి సెంటర్ నర్సింహ అని పేరు పెట్టింది. 'సెంటర్ నర్సింహ, శాలిబండ' అని రాస్తే కార్డు తిన్నగా ఇంటికి వచ్చేది.

ఒక ఆదివారం ఉప్పు తెమ్మని పంపితే చార్మినార్ కిందికి పోయాడు. నాలుగు కమాన్లకూ సరిగ్గా నడుమ ఎక్కడో లెక్క కట్టి, అక్కడ పాదాలు జోడించి నిలబడ్డాడు. రిక్షాలు, టాంగాలు, సైకిళ్లు, గాజుల బుట్టలు, అత్తరు వాసన, సాయంత్రపు ఎండ, అన్నీ ఏటిలో పాతిన గుంజ చుట్టూ నీళ్లు తిరిగినట్టు అతని చుట్టూ తిరిగాయి. చివరికి పోలీసు వచ్చి భుజం తట్టాడు.

"క్యా హై మియాఁ?"

"సెంటర్, సాబ్."

"దేఖ్‌లియే నా? అబ్ ఘర్ జావ్," అని చేత్తో దారి చూపించాడు.

ఇంటికి వచ్చి గడపలోనే చెప్పాడు. "నీలా, ఇయ్యాల పట్నమంత నా సుట్టు తిరిగింది."

"తిరిగినోళ్లల్ల ఉప్పమ్మేటోడు లేడా?" అంది నీలమ్మ.

ధూల్‌పేటలో వినాయకుణ్ణి కొనబోయి బొడ్డు నడుమ ఉందో లేదోనని దారం పట్టి కొలిచాడు. బొమ్మలు చేసే ముసలాయన బీడీ పక్కన పెట్టి, ఇటువంటి భక్తుణ్ణి తన జన్మలో చూడలేదన్నట్టు చూశాడు. "అరే భాయ్, గణపతికి సెంటర్ ఏంది? బొజ్జంత సెంటరే గదా," అన్నాడు. ఆ మాట బాలనర్సింహకు ఎంత నచ్చిందంటే, బేరం ఆడడం మరిచిపోయి బొమ్మను చంకనెత్తుకున్నాడు.

ఇల్లు కూడా అట్లాగే తీసుకున్నాడు. పైకప్పు కారుతుంది, కిటికీ మూతపడదు, పొయ్యి దగ్గర ఒకరు కూర్చుంటే ఇంకొకరు బయట నిలబడాలి. పక్కనే మంచి ఇల్లు ఖాళీగా ఉంది. అయినా ఇదే కావాలన్నాడు. గల్లీ మొదటి నుంచి అరవై మూడడుగులు, చివరి నుంచి అరవై మూడడుగులు. "గల్లీకి బొడ్డు మన ఇల్లు," అని గడప మీద సుద్దతో చుక్క పెట్టి, వచ్చినవాళ్లకల్లా చూపించేవాడు. వానాకాలంలో గిన్నెలు పరిచి కారే నీళ్లు పడుతూ నీలమ్మ అనేది: "అవునవును. నీళ్లు గూడ సక్కగ సెంటర్లనే కారుతున్నయి."

ఈ పిచ్చి అతనికి పుట్టుకతో రాలేదు. అంటించినవాడు ఇస్సాకు సారు. వర్క్‌షాపులో పద్దెనిమిదేళ్ల బాలనర్సింహకు పని నేర్పిన ఇన్‌స్ట్రక్టరు. వాళ్ల గల్లీలోనే, పదకొండడుగుల అవతల ఇల్లు. మొదటిరోజు సారు పెద్ద ఇత్తడి కంపాసు ఎత్తి పట్టుకుని అడిగాడట.

"సెంటర్ అంటే ఏందిరా?"

"నడుమ, సార్."

"నడుమ కాదు. ముల్లు. గ్రీకు దేశంల ఎడ్లను తోలేటోని కట్టె కొసకు ముల్లుంటది సూడు, దాని పేరురా అది. మన ముల్లుగర్ర అసుంటిది. తర్వాత కంపాసుల కదలకుండ నిలవడే కాలు గూడ ముల్లే గదా అని దానికి గా పేరు పెట్టిండ్రు. ముల్లు గుచ్చిన చుక్కకు గదే పేరు. గుండ్రానికి నడుమ అనే అర్థం ఆఖరికొచ్చింది. సమజైందా? ముల్లు ముందు, గీత తర్వాత. గీత గీసి నడుమ ఎతికేటోడు గుమస్తా. ముల్లు గుచ్చి గీత గీసేటోడు కార్మికుడు."

బాలనర్సింహ ఈ కథ ఎవరికి చెప్పలేదు కనుక? బస్సు కండక్టరుకు చెప్పాడు. క్షవరం చేసేవాడికి, కత్తి గొంతు మీద ఉండగా చెప్పాడు. గ్రీకుల ఎద్దు వీపు మీద పుట్టిన మాట రోముకు పోయి, ఫ్రాన్సుకు పోయి, ఇంగ్లీషోడి నోట్లో పడి, ఓడెక్కి రైలెక్కి, చివరికి శాలిబండలో నీలమ్మ రొట్టె మీద వచ్చి కూర్చుంది. "ఎద్దును పొడిచే ముల్లు గిన్ని దేశాలు తిరిగి నన్ను పొడవనీకి వచ్చిందా," అని ఆమె వాపోయేది.

ఒక్క విషయం మాత్రం ఆమెకు అర్థమయ్యేది కాదు. అంత కొలిచి, అంత చూసి, గుంట నొక్కి తుంచిన రొట్టెలో తన పళ్లెంలో పడ్డ సగం ఎప్పుడూ కాస్త పెద్దదిగా కనిపించేది. ఆకలి కళ్లకు అట్లా అనిపిస్తుందేమో అనుకునేది. లెక్క విషయంలో మొగుణ్ణి అనుమానించడం కంటే తన కళ్లను అనుమానించడమే ఆమెకు సులువు.

పందొమ్మిది వందల డెబ్బై మూడు ఎండాకాలంలో గల్లీ బావి ఎండిపోయింది. బిందె దింపితే అడుగున రాయి పలికేది. నీళ్లకు పెద్దరోడ్డు దాకా పోవాల్సి వచ్చింది. అందరూ తిట్టుకుంటూ పోయారు, రాహేలమ్మ మాత్రం తిట్టుకోకుండా పోయింది. ఆమె ఇస్సాకు సారు భార్య. సారు పోయి నాలుగేళ్లు. ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో ఆయాగా నిలబడి నిలబడి మోకాళ్లు అరిగాయి. సగం బిందె చంకనెత్తుకుని, గోడ పట్టుకుంటూ, నాలుగిళ్లకొకసారి ఆగి వచ్చేది.

సాయం చేద్దామంటే కుదరదు. ఆమెకు ఊరికే తీసుకోవడం చేతకాదు. నీలమ్మ ఒకరోజు బిందె నింపి పెడితే మర్నాడు నాలుగు కోడిగుడ్లు వచ్చాయి. రెండో బిందెకు పూలు కుట్టిన దిండు గలీబు వచ్చింది. మూడో బిందెకు సారు చేతి గడియారం వస్తుందేమోనని భయపడి నీలమ్మ మానేసింది.

ఆ నెలలోనే ఒక పొద్దున రాహేలమ్మ వాళ్ల గడప ముందు నిలబడింది. చేతిలో ఇత్తడి కంపాసు.

"ఇది నీ దగ్గర ఉండనీ నర్సింహా. ఆదివారం నేను జనగామ పోతున్న. మా చెల్లె కొడుకింటికి."

"వాళ్లు రమ్మన్నరా అమ్మా?" అని అడిగింది నీలమ్మ.

"రావద్దు అనలే," అంది రాహేలమ్మ. నవ్వింది కూడా. "నీళ్లు లేని కాడ ఎంతకాలం ఉంట చెప్పు."

బాలనర్సింహ చేతులు చాపి అందుకున్నాడు. కంపాసు ముల్లును బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. ఆ పూట రొట్టె పళ్లెంలో పడితే గుంట నొక్కకుండానే తుంచి తిన్నాడు. నీలమ్మ లేచి వచ్చి అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఒళ్లు చల్లగానే ఉంది.

అదే వారం నల్లాల మిస్త్రీ కైలాసం సైకిలు దిగాడు. గల్లీకి ఒక నల్లా మంజూరైంది. "ఒక్కటంటే ఒక్కటే. యాడ పెట్టాలెనో మీరే తేల్చుకోండ్రి. శుక్రవారం పొద్దుగాల వస్త. అప్పటికి లొల్లి తెగకుంటే పక్క గల్లీకి పోతది," అని చెప్పి బెల్లు కొట్టుకుంటూ పోయాడు.

లొల్లి అతని సైకిలు మలుపు తిరగకముందే మొదలైంది. గల్లీ మొదట్లో వాసవాంబ కిరాణా దుకాణం. చివర్లో కొండల్, అతని రెండు బర్రెలు.

"దుకాణం ముందర పెడితే పొయ్యేటోళ్లు వచ్చేటోళ్లు దూప తీర్చుకుంటరు. పుణ్యం," అంది వాసవాంబ.

"పుణ్యమా, పొట్లాలమ్ముకునే ఉపాయమా? నా బర్రెలు నోరు లేనియి షావుకారమ్మా. గంత నోరున్న నీకు నల్లా ఎందుకు?" అన్నాడు కొండల్.

రెండు రోజులు ఇదే. రాహేలమ్మ గడప ముందు పెట్టాలని ఎవరికీ తోచలేదు. తోచినా ఎవరూ అనరు. ఎవరైనా అంటే ముందుగా వద్దనేది రాహేలమ్మే. చివరికి కొండల్ బీడీ ఆర్పి తీర్పు చెప్పాడు.

"సెంటర్ అన్న కొలవనీ. నడుమ యాడొస్తే ఆడనే నల్లా. ఇంకెవలు కొలిచినా నేనొప్పుకోను. ఆయన పిచ్చోడు గనుక ఒప్పుకుంట."

"గదే మాట," అంది వాసవాంబ. బతికినన్నాళ్లలో వాళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే.

నీలమ్మ తన గడప మీది సుద్దచుక్క వైపు చూసింది. గల్లీకి నడుమ ఎక్కడుందో ఆమె కంటే ఎవరికి తెలుసు? అరవై మూడు ఇటు, అరవై మూడు అటు. ఇరవై రెండేళ్లు బెజ్జాలు పడ్డ జేబులు కుట్టి, కారే కప్పు కింద గిన్నెలు పరిచి, ఎద్దు కథ వెయ్యిసార్లు విన్నందుకు దేవుడు చివరికి నల్లా రూపంలో వస్తున్నాడు. గురువారం గడప పక్కన నేల ఊడ్చింది. బిందె దింపుకోవడానికి బండ ఒకటి తెచ్చి వేసుకుంది. ఆ బండ మీద కాసేపు ఊరికే కూర్చుని, రాబోయే నీళ్ల చప్పుడు విన్నది.

శుక్రవారం గల్లీ మొత్తం అరుగుల మీదికి వచ్చింది. బాలనర్సింహ బేగంబజార్ నుంచి తెచ్చిన కొత్త కొబ్బరితాడు చుట్ట దింపాడు. మొదటి నుంచి చివరి దాకా పరిచి, తెగ్గోసి, నడిమికి మడిచాడు. కొసలు రెండూ వాసవాంబ చేతికిచ్చి, "దుకాణం మూలకు పట్టుకో షావుకారమ్మా, కదలొద్దు," అన్నాడు. మడత పట్టుకుని నడిచాడు. భుజం మీది తువ్వాల మోచేతి మీదికి జారి ఉంది. తాడు బిగిసిన చోట ఆగాడు. ఇత్తడి కంపాసు తీసి, వంగి, ముల్లు నేలలోకి గుచ్చాడు.

అది రాహేలమ్మ గడప ముందు.

నీలమ్మకు తన కళ్ల మీద మళ్లీ అనుమానం వచ్చింది. ఇల్లు జరిగిందా, గల్లీ జరిగిందా అని అటూ ఇటూ చూసింది. తాను వేసుకున్న బండ మాత్రం పదకొండడుగుల అవతల వేసినచోటే ఉంది.

"ఆమె గడప ముందరనా?" అంది వాసవాంబ, తాడు వదలకుండానే, గొంతు కొంచెం మార్చి.

"గడప ఎవలదో తాడుకు తెలువది షావుకారమ్మా."

"సరే గని, మీ ఇల్లే సెంటర్ల ఉన్నదని గిన్నేండ్ల సంది డప్పు కొడ్తివి? ఆ చుక్క చూపిచ్చి నా దుకాణం పక్కకున్నదని ఎక్కిరిస్తివి గదా?"

కొండల్ బర్రె ఒకటి నెమరు ఆపినట్టే ఉంది. బాలనర్సింహ నేల చూశాడు. వెంట్రుకవాసి తప్పును కూడా క్షమించని మనిషి, లేత్ మిషన్ ముందు తప్ప ఎక్కడా తల వంచని మనిషి, అందరూ వినేలా చెప్పాడు.

"తప్పు కొలిచిన."

అతని జీవితంలో మొదటిసారి ఆ మాట అతని నోటి నుంచి రావడం. ఎవరికీ నమ్మకం కుదరలేదు. సెంటర్ నర్సింహ తప్పు కొలిచాడంటే పొద్దు పడమట పొడిచిందన్నట్టే. కొండల్ నీలమ్మ వైపు తిరిగాడు.

"వదినా, నువ్వు చెప్పు. రోజు నడిచేదానివి. యాడుంది సెంటర్?"

అప్పుడు నీలమ్మ చూసింది. తువ్వాల కింద మొగుడి మోచేతికి తాడు చుట్టి ఉంది. చుట్టు మీద చుట్టు, ఎనిమిది చుట్లు. పదకొండడుగుల తాడును నడుస్తూ నడుస్తూ చుట్టుకున్నట్టున్నాడు. మెడ మీద చెమట కారుతోంది. అతని వెనక తలుపుకు చెయ్యి ఆనించి రాహేలమ్మ నిలబడి ఉంది. ఆమె వెనక చీకటి గదిలో, తాడుతో కట్టిన రేకు పెట్టె. కైలాసం సైకిలుకు ఆనుకుని గడియారం చూసుకుంటున్నాడు.

నీలమ్మ ఒకసారి తన బండ వైపు చూసుకుంది. కొంగు నడుముకు చెక్కింది.

"సెంటర్ ఆయన ముల్లు గుచ్చిన కాడనే ఉంది," అంది. "అప్పుడు తప్పు కొలిచిండు, నిజమే. లగ్గమైన కొత్త. నన్ను పక్కకు నిలవెట్టుకోని, నా ముఖం చూసుకుంట అడుగులు లెక్కవెట్టిండు. లెక్క ఎట్ల సరిగొస్తది?"

గల్లీ గల్లీ అంతా గొల్లుమంది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "గదా సంగతి," అని కొండల్ తొడ చరిచాడు. వాసవాంబ కూడా నవ్వి తాడు వదిలేసింది. నలభై ఐదేళ్ల బాలనర్సింహ చెవులు ఎర్రబడ్డాయి. అతను తువ్వాల ఇంకొంచెం కిందికి లాక్కున్నాడు. ఆ నవ్వుల మధ్యే కైలాసం పార దించాడు.

సాయంత్రానికి నల్లా వచ్చింది. మొదట గాలి దగ్గింది, తర్వాత మట్టి రంగు, తర్వాత నీళ్లు. రాహేలమ్మ గడప దిగకుండానే చెయ్యి చాపి కాసేపు ధార కింద ఉంచింది. తర్వాత కుంటుకుంటూ పదకొండడుగులు నడిచి వచ్చింది.

"నా కంపాసు నాకియ్యి నర్సింహా. జనగామకు ఉత్తరం రాసిన, రానని."

అతను తెచ్చి ఇచ్చాడు. ఆమె ముల్లుకు అంటిన మట్టి చూసింది, అతని మోచేతి మీద కమిలిన ఎర్రటి గీతలు చూసింది.

"ఇయ్యాల సారు ఉంటే నిన్ను బెంచి ఎక్కిచ్చేటోడు," అంది.

"ముల్లు ముందు, గీత తర్వాత. సారే చెప్పిండు గదమ్మా," అన్నాడు అతను, ఎటో చూస్తూ.

రాహేలమ్మ ఊరికే తీసుకునే మనిషి కాదని చెప్పాను కదా. మర్నాడు తెల్లారేసరికి నల్లా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఆసుపత్రి వార్డులో ముప్ఫై ఏళ్లు మోగిన గొంతుతో వరస నిలబెట్టింది. వాసవాంబ బిందె ముందుకు దూరితే వెనక్కి పంపింది, కొండల్ మూడో బకీటు పెడితే కాలితో జరిపింది. మిగతా గల్లీల్లో లాగా ఇక్కడ నల్లా కాడ జుట్టు పట్లు లేవు. బిందెలు, మనుషులు, కబుర్లు, పొద్దుటి ఎండ, అన్నీ ఆ స్టూలు చుట్టూ తిరిగేవి. నెల తిరిగేసరికి నల్లా అక్కడ కాక ఇంకెక్కడైనా ఉండగలదని ఎవరికీ గుర్తు లేదు.

ఇంకొక వింత కూడా మొదలైంది. ఇంట్లో చెంబెడు నీళ్లైనా ముంచుకోని బాలనర్సింహ, డ్యూటీకి పోయే ముందు రెండు బకీట్లు నింపి కొండల్ బర్రెల తొట్టిలో పోసి వచ్చేవాడు. "ఏందన్నా గిది?" అని కొండల్ అడిగితే కసరత్తు అన్నాడు. నీలమ్మ అడగలేదు. ఆమె లెక్క ఆమెకు ఉంది. నల్లా నుంచి గల్లీ మొదటికి యాభై రెండడుగులు. చివర ఉన్న కొండల్ ఇంటికి డెబ్బై నాలుగు.

ఒక ఆదివారం ఆమె రొట్టె చేసి పళ్లెంలో వేసింది. అతను తల వంచి, కన్ను మూసి, గుంట నొక్కి, తుంచి ఒక సగం ఆమెకు ఇచ్చాడు. నీలమ్మ తినలేదు. తన సగం తీసుకుపోయి అతని సగం మీద పెట్టి చూసింది. రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ ఉంది.

"ఇరవై రెండేండ్ల సంది?" అంది.

"రొట్టె సల్లారుతుంది, తిను," అన్నాడు బాలనర్సింహ.

నీలమ్మ తన సగం మీద చూపుడువేలితో ఒక గుంట నొక్కింది. తుంచి, పెద్ద ముక్క అతని పళ్లెంలో వేసింది. అతను తల ఒక పక్కకు వంచి, ఒక కన్ను మూసి, ఆ ముక్కను చాలాసేపు చూశాడు.

"సెంటర్ తప్పింది," అన్నాడు.

"తప్పనీ," అంది నీలమ్మ.